చెప్పుల జతతో సరిపెట్టకు

చిరంజీవికి,

ఎంటాంగిల్‌మెంట్ మీద, అంటే రెండు కణాలు ఎంత దూరంలో ఉన్నా వాటి కొలతల ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండటం మీద, నువ్వు రాసిన వ్యాసం చదివాను. హాయిగా చదివిస్తోంది. కానీ ఆ చెప్పుల జత ఉదాహరణతో పేచీ ఉంది. ఒక చెప్పు విజయవాడకి, ఇంకోటి వరంగల్‌కి పార్సిల్ చేశారు, ఇక్కడ విప్పితే కుడిది వచ్చింది, అక్కడిది ఎడమదని తెలిసిపోయింది, అంతే అన్నావు. అంతే అయితే ఐన్‌స్టీన్‌కి అభ్యంతరమే ఉండేది కాదు. 1935లో పొడోల్‌స్కీ, రోజెన్‌లతో కలిసి ఆయన వాదించింది దాదాపు అదేగా! కొలిస్తే ఏం రావాలో ఆ జవాబులు కణాల దగ్గర ముందే ఉన్నాయి, వాటిని చెప్పలేని క్వాంటం సిద్ధాంతమే అసంపూర్ణం అని.

అసలు మలుపు 1964లో భౌతిక శాస్త్రవేత్త జాన్ బెల్ తెచ్చాడు. ఆయనకి నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు, నేనైతే సగం వ్యాసం ఇస్తాను. రెండు కణాల స్పిన్‌నీ (దిశని బట్టి కొలిచే ఒక గుణం) ఒకే దిశలో కొలిచినంత కాలం చెప్పుల లెక్క చక్కగా సరిపోతుంది. ఇక్కడొక దిశలో, అక్కడింకో దిశలో మార్చి మార్చి కొలిస్తేనే గుట్టు బయటపడేది. జవాబులు ముందే ఖాయమై ఉండి, ఇక్కడ ఎంచుకున్న దిశ అక్కడి ఫలితాన్ని తాకకపోతే, రెండు చోట్ల ఫలితాల పొంతనకి ఒక హద్దు ఉండి తీరాలి. ఆ పొంతనని ఒక అంకెగా కట్టేలా 1969లో జాన్ క్లాజర్, ఇంకో ముగ్గురు శాస్త్రవేత్తలు కలిసి ఇచ్చిన రూపంలో ఆ హద్దు 2. క్వాంటం లెక్క ప్రకారం 2.83 దాకా పోవచ్చు. 2015లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో, దాదాపు 1.3 కిలోమీటర్ల ఎడంలో ఉన్న రెండు ఎలక్ట్రాన్లతో చూస్తే 2.42 వచ్చింది. అంటే హద్దు దాటింది, చెప్పుల లెక్క చెల్లదు. అంకెలు చూసి పాఠకులు పారిపోతారని నీకు టెన్షన్. నెట్ రన్ రేట్‌ని మూడు దశాంశాల దాకా చూసే జనం మనవాళ్లు. అంకెలు రాసెయ్, పరవాలేదు.

‘ఒకదాన్ని కొలవగానే రెండోదానికి కబురు అందుతుంది’ అన్న వాక్యం కొట్టెయ్. అవతలి మనిషికి తన ఫలితాలు ఎప్పటిలాగే సగం ఇటు, సగం అటు వస్తాయి. రెండు చోట్ల రాసుకున్న వివరాలు పక్కపక్కన పెడితేనే పొంతన కనబడుతుంది. ఆ వివరాలు చేరవేయాలంటే కాంతి వేగం దాటలేం.

‘మనిషి చూడగానే వేవ్ ఫంక్షన్ కూలిపోతుంది’ అన్నది ఇంకా ప్రమాదం. వేవ్ ఫంక్షన్ అంటే ఏ ఫలితానికి ఎంత అవకాశమో చెప్పే గణిత రూపం, కూలడం అంటే అన్ని అవకాశాల్లో ఒక్కటే మిగలడం. కళ్లతో పనిలేదు. కణానికి రెండు దారులున్న ప్రయోగంలో అది ఏ దారిన వెళ్లిందో పరికరంలో నమోదైతే చాలు, ఆ నమోదు ఎవరూ చదవకపోయినా ఇంటర్‌ఫియరెన్స్ (రెండు దారుల అలలు కలిసి వేసే చారలు) పోతుంది. ఇక ఆ కూలడం నిజంగా జరిగే సంఘటనా, మన లెక్కలో సవరణా అన్నది ఇప్పటికీ తగువే. అసలు కూలడమే లేదని 1957లో భౌతిక శాస్త్రవేత్త హ్యూ ఎవరెట్ అన్నాడు. తగువుని తగువులాగే రాయి.

ఉపనిషత్తుల పేరా సంగతి. క్వాంటం సిద్ధాంతపు మూల సమీకరణం రాసిన ష్రోడింగర్‌కి వేదాంతం మీద మక్కువ ఉన్నమాట నిజమే. అంతమాత్రాన ఆయన సమీకరణం వేదాంతాన్ని రుజువు చెయ్యదు. ఆ పేరాకే లైకులు ఎక్కువొస్తాయని తెలుసు, అయినా తీసెయ్.

ఆ ఖాళీలో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త అలెన్ ఆస్పే బృందం 1982లో పారిస్ దగ్గర ఓర్సేలో చేసిన ప్రయోగం పెట్టు. ఫోటాన్లు (కాంతి కణాలు) దారిలో ఉండగానే కొలిచే దిశ మారిపోయేలా ఏర్పాటు చేశారు. ఎందుకంత అవస్థ పడ్డారో పాఠకుడికి అర్థమయ్యేలా రాసి, మళ్లీ పంపు.

ఆశీస్సులతో.