చందా కట్టే ముందు, కట్టిన తరువాత
చెన్నై చిన్న వ్యాపారుల ప్రశ్నలకు సమాధానాలు

ఈ నెల అందిన ఉత్తరాలలో వర్తక సంఘాలను గురించినవే ఎక్కువ. వాటిలో మూడింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: పెరంబూరులో ఇంటి వద్దనే ఊరగాయలు, పొడులు తయారుచేసి అమ్ముతున్నాను. మా ప్రాంతపు వర్తక సంఘం వారు సభ్యత్వం తీసుకొమ్మంటున్నారు. వారానికొకసారి ఉదయం సమావేశమై ఒకరికొకరు గిరాకీ పంపుకొనే మరొక బృందం వారు దానికి ఎన్నో రెట్ల రుసుము చెబుతున్నారు. దేనిలో చేరడం మంచిది? (ఒక పాఠకురాలు, పెరంబూరు)

జవాబు: ఈ రెండింటి స్వభావం వేరు కనుక దేనికోసం చేరుతున్నారో ముందుగా తేల్చుకోండి. వారపు సమావేశాల పద్ధతి 1985లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైన బీఎన్‌ఐ సంస్థ ద్వారా అనేక దేశాలకు వ్యాపించింది. బృందంలో ఒక్కొక్క వృత్తికి ఒక్కరినే చేర్చుకోవడం, సభ్యులు తమ పరిచయస్తులను తోటి సభ్యుల వద్దకు పంపడం దాని పద్ధతి. ఇది మీకు ఉపకరిస్తుందా అన్నది అక్కడ ఎందరున్నారన్న దానికన్నా ఎవరున్నారన్న దానిపై ఆధారపడుతుంది. వంట కాంట్రాక్టర్లు, కల్యాణమండపాలవారు, ఆంధ్రా మెస్సులు నడిపేవారు, కిరాణా టోకు వర్తకులు ఉన్న చోట ఊరగాయలకు నిలకడైన గిరాకీ దొరకవచ్చు. ఆడిటర్లు, బీమా ఏజెంట్లు, ఇంటి అలంకరణ పనివారు మాత్రమే ఉన్న చోట, వారు మర్యాదకు తలా ఒక సీసా ఆవకాయ కొని, మరుసటి వారం నుంచి మీరు తమకు ఎవరిని పంపుతారా అని ఎదురుచూస్తారు. అతిథిగా ఒకసారి వచ్చి చూసే వీలు ఇటువంటి బృందాలు సాధారణంగా కల్పిస్తాయి. దానిని వాడుకోండి, కానీ అతిథికి దక్కే ఆదరం చూసి ఆ రోజే డబ్బు కట్టవద్దు.

ప్రాంతీయ సంఘం గిరాకీని నేరుగా తెచ్చిపెట్టదు. లైసెన్సులు, కార్పొరేషన్ వ్యవహారాలు, బ్యాంకు రుణాల విషయంలో అనుభవమున్నవారి సలహా దొరకడమే దాని వల్ల మీకు కలిగే లాభం. చేరేముందు అధ్యక్షుడి మాట వినడంతో సరిపెట్టక, నిరుడు చేరిన ఒకరిద్దరు చిన్న వ్యాపారులను కలిసి, సర్వసభ్య సమావేశం జరిగిందా, లెక్కల ప్రతి తమకు అందిందా అని అడగండి. వారు తడబడితే మీకు సమాధానం దొరికినట్లే. మీరున్న దశలో మొదట స్థానిక సంఘంలో ఒక ఏడాది ఉండి చూడడమే మేలని నా అభిప్రాయం.

అంతకన్నా ముందు ఉద్యమ్ నమోదు, అంటే చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఆన్‌లైన్ నమోదు, చేసుకోండి. ప్రభుత్వం దానికి ఒక్క రూపాయి కూడా తీసుకోదు, కనుక రుసుము అడిగే వెబ్‌సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదని గ్రహించండి. ఆహార పదార్థాలకు కేంద్ర ఆహార భద్రతా సంస్థ అయిన ఎఫ్ఎస్ఎస్ఏఐ వద్ద నమోదు తప్పనిసరి. ఆ 14 అంకెల సంఖ్య సీసా చీటీపై లేకపోతే ఎంత రుచిగా ఉన్నా పెద్ద దుకాణాలవారు మీ సరుకును అరలలో పెట్టరు.

ప్రశ్న: అంబత్తూరు పారిశ్రామికవాడలో నాకు చిన్న లేత్ యూనిట్ ఉంది. ఒక పెద్ద కంపెనీకి విడిభాగాలు చేసి ఇస్తాను. ఐదు నెలలుగా బిల్లులు రాలేదు. గట్టిగా అడిగితే ఆర్డర్లు ఆగిపోతాయని భయం. మా సంఘం నెలనెలా విందు సమావేశాలు పెడుతున్నది గానీ, ఈ మాట ఎత్తితే అది మీకూ కంపెనీకీ మధ్య వ్యవహారమని తోసిపుచ్చుతున్నారు. సంఘం చేయగలిగినది ఏమీ లేదా? (ఒక పాఠకుడు, అంబత్తూరు)

జవాబు: ఉంది. నా దృష్టిలో చిన్న పరిశ్రమల సంఘం చేయవలసిన మొదటి పని ఇదే.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ లేదా చిన్న సంస్థ నుంచి సరుకు తీసుకున్నవారు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా డబ్బు చెల్లించాలి. ఆ గడువు ఏమైనా 45 రోజులు మించరాదు. రాతపూర్వకమైన ఒప్పందం లేకపోతే 15 రోజులే. తొంభై రోజులకు ఒప్పుకున్నట్లు మీ చేత సంతకం చేయించుకున్నా ఆ షరతు ఈ చట్టం ముందు నిలవదు. గడువు దాటిన నాటి నుంచి, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని, నెలనెలా అసలుకు కలుపుతూ, కంపెనీ చెల్లించాలి. బ్యాంకు రేటు 6 శాతమనుకుంటే వడ్డీ 18 శాతమన్నమాట. సరుకులో లోపమున్నదని కంపెనీ అనదలచుకుంటే అందుకున్న 15 రోజులలోగా రాతపూర్వకంగా అనాలి. అలా అనకపోతే అందిన రోజునే అంగీకరించినట్లు లెక్క. కాబట్టి నాలుగు నెలల తరువాత నాణ్యత బాగాలేదని ఎవరైనా ఫోనులో చెబితే కంగారు పడవలసిన పనిలేదు.

ఫిర్యాదును కేంద్ర సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల శాఖ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా, ఇటువంటి బాకీల తగాదాలను విచారించే రాష్ట్ర ఫెసిలిటేషన్ కౌన్సిలుకు పంపవచ్చు. కౌన్సిలు తీర్పుపై కంపెనీ కోర్టుకు వెళ్ళాలంటే తీర్పు మొత్తంలో 75 శాతం ముందుగా జమ చేయాలి. ఆర్డరు కాగితం, సంతకమున్న డెలివరీ చలానా, బిల్లు, బాకీని కంపెనీ ఒప్పుకున్న ఈమెయిలు ఏదైనా ఉంటే అది, ఇవన్నీ మీ చేతిలో ఉండాలి. ఉద్యమ్ నమోదు సరఫరాకు ముందునుంచే ఉండడం క్షేమం.

ఇక మీ అసలు భయం ఆర్డర్లను గురించినది. సంఘం అవసరం ఇక్కడే కలుగుతుంది. ఫిర్యాదు మీ పేరుననే వేయవలసి ఉంటుంది, కానీ అంతదూరం పోకముందే ఆ కంపెనీకి సరఫరా చేసే సభ్యులందరి బాకీలను సంఘం రహస్యంగా సేకరించి, ఎవరి పేరూ చెప్పకుండా మొత్తం ఎంతో, అందులో 45 రోజులు దాటినది ఎంతో రాసి, కంపెనీ ఆర్థిక విభాగపు అధిపతికి తన లెటర్‌హెడ్‌పై లేఖ పంపవచ్చు. పదిమంది బాకీని ఒకే కాగితంపై పెడితే ఏ ఒక్కరినీ వేరుచేసి శిక్షించడం కంపెనీకి సులభం కాదు. ఆ లేఖ మార్చికి ముందు అందేలా చూడండి. గడువులోగా చెల్లించని బాకీని ఆ ఏటి ఖర్చుగా చూపుకొనే వీలు లేకుండా 2023లో ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించారు గనుక, కొనుగోలు విభాగం పట్టించుకోకపోయినా పన్ను లెక్కలు చూసేవారు తప్పక పట్టించుకుంటారు.

మరొక దారి ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికలు. కంపెనీ ఆమోదించిన బిల్లును అక్కడ బ్యాంకులు వేలంలో తీసుకొని మీకు వెంటనే డబ్బు ఇస్తాయి. కంపెనీ తరువాత ఎగ్గొట్టినా ఆ భారం మీపై పడదు. 250 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు ఉన్న కంపెనీలు ఈ వేదికలలో చేరి తీరాలని 2024లో కేంద్రం ఆదేశించింది. మీ కంపెనీ చేరిందో లేదో కనుక్కోవడం ఒక్క ఫోనుతో అయ్యే పని. విందులు వద్దని నేననను, కానీ ఆ ఫోనైనా చేయని కార్యవర్గానికి విందు ఖర్చు అడిగే హక్కు ఎక్కడిది?

ఒక హెచ్చరిక. టోకు, చిల్లర వర్తకులకు 2021 జూలై నుంచి ఉద్యమ్ నమోదు ఇస్తున్నది బ్యాంకు రుణాలలో ప్రాధాన్యం కోసం మాత్రమే. పైన చెప్పిన బాకీ నిబంధనలు వారికి వర్తించవు. షావుకారుపేట వర్తకులు ఈ జవాబు చదివి ఆశపడవద్దు.

ప్రశ్న: వాషర్‌మన్‌పేటలోని మా వస్త్ర వ్యాపారుల సంఘానికి ఈ ఏడాది నేను కార్యదర్శిని. వేసవిలో చలివేంద్రం, జూన్‌లో నోటుపుస్తకాలు, ఆపై వైద్య శిబిరం, ఇలా చందాలో సగానికి పైగా సేవకే పోతున్నది. వ్యాపారానికి ఏం చేశారని కుర్రవారు నిలదీస్తున్నారు. సేవ మానితే పరువు పోతుందని పెద్దలంటున్నారు. ఏది సబబు? (ఒక పాఠకుడు, వాషర్‌మన్‌పేట)

జవాబు: వ్యాపార సంఘం సేవలోకి దిగడం కొత్త కాదు. 1905లో షికాగోలో ఒకరికొకరు వ్యాపారం పంచుకొనే ఉద్దేశంతో కూడా మొదలైన రోటరీ, కొద్దికాలానికే సేవ వైపు తిరిగి, 1907లో ఆ నగరంలో ప్రజల కోసం మరుగుదొడ్ల నిర్మాణానికి పూనుకున్నది. మీ పేటకే చెందిన పిట్టి త్యాగరాయ చెట్టిగారు నేతవస్త్రాల వ్యాపారి, దక్షిణ భారత వాణిజ్య మండలికి అధ్యక్షులుగా పనిచేసినవారు. ఆయన మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్న 1920లో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లలకు ఒక్కొక్కరికి రోజుకు అణా ఖర్చు మించకుండా మధ్యాహ్న భోజనం పెట్టించారు. విద్యా నిధి నుంచి ఆ ఖర్చుకు ప్రభుత్వం అనుమతించకపోవడంతో 1925లో అది ఆగిపోయింది.

వేరే పనికి ఉద్దేశించిన నిధిపై ఆధారపడితే మంచి సేవైనా ఇలా ఆగిపోతుంది. అందుచేత మీ సంఘం సేవకు వేరే నిధి ఏర్పరచుకోవడం మంచిది. సభ్యత్వ చందాను సంఘం పనులకే ఉంచి, సేవకు ఇష్టమున్నవారి నుంచి విడిగా విరాళం తీసుకొని, వేరే బ్యాంకు ఖాతాలో వేసి, రెండు లెక్కలూ ఆడిటు చేయించి సర్వసభ్య సమావేశంలో పెట్టండి. 1975 నాటి తమిళనాడు సొసైటీల చట్టం కింద నమోదైన సంఘానికి ఆడిటు, వార్షిక సమావేశం ఎలాగూ తప్పవు. విరాళమిచ్చినవారికి పన్ను మినహాయింపు కావాలంటే సభ్యుల మేలు కోసం పెట్టిన వర్తక సంఘం కన్నా ప్రత్యేక ధర్మనిధి అనువైనది. దీనిపై మీ ఆడిటరును సంప్రదించండి.

ఏ సేవ చేయాలన్న దానిలో నేను కుర్రవారి పక్షం. దుకాణాలలో పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు ఉండాలని తమిళనాడు ప్రభుత్వం 2021లో చట్టం చేసింది. మీ వీధిలో ఎన్ని దుకాణాలలో అది అమలవుతున్నది? పండుగ రోజులలో పన్నెండు గంటలు నిలబడే అమ్మాయిలకు, చీరలు కొనడానికి వచ్చే ఆడవారికి శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడున్నది? నోటుపుస్తకాలు ఎవరైనా పంచగలరు, కానీ ఈ పని వీధి వర్తకులు కలిస్తే తప్ప జరగదు. పైగా ఇది వ్యాపారమూ పెంచుతుంది గనుక పెద్దలకూ అభ్యంతరం ఉండకపోవచ్చు.

వరదలను కూడా మరవవద్దు. 2015 డిసెంబరులోను, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోను చెన్నైలో ఎందరో చిన్న వ్యాపారుల సరుకు నీటిపాలైంది. 5 కోట్ల రూపాయల లోపు ఆస్తి, సరుకు ఉన్న సంస్థల కోసం 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక బీమా పాలసీ ఉన్నది. అగ్నిప్రమాదంతో పాటు తుపాను, వరద నష్టం కూడా దాని కిందికి వస్తుంది. ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి కనుక, ఆగస్టులోనే ఒక బీమా సంస్థ ప్రతినిధిని సంఘం కార్యాలయానికి పిలిచి, గోదాములోని సరుకు విలువను ఎలా లెక్కగట్టాలో, నష్టం జరిగితే ఏ కాగితాలు చూపాలో సభ్యులందరికీ ఒకేసారి చెప్పించండి.