సీఈఓ జీతానికి ఒక కొలబద్ద, కార్మికుడి జీతానికి ఇంకొకటి

ఒక సీఈఓకి తన కంపెనీలోనే పనిచేసే మామూలు ఉద్యోగి కంటే రెండు మూడు వందల రెట్లు ఎక్కువ ఎందుకు ఇస్తారు, అది నిజంగా ఆయన ప్రతిభకి తగ్గ జీతమేనా అని అడిగారు. నేను తొమ్మిదేళ్లు ఒక పెద్ద తయారీ కంపెనీలో జీతాల విభాగంలో పనిచేశాను, పేరు చెప్పను. నా కళ్లతో చూసిన దాన్ని బట్టి చెప్తున్నాను, ఈ తేడా ప్రతిభ దగ్గర పుట్టడం లేదు. పైవాళ్ల జీతం కొలిచే పద్ధతి ఒకటి, కిందివాళ్లది కొలిచే పద్ధతి ఇంకొకటి. తేడా అంతా అక్కడే మొదలవుతుంది.

ఏటా బోర్డులో పైవాళ్ల జీతాలు చూసే రెమ్యునరేషన్ కమిటీకి ఒక ఫైలు వెళ్లేది. అందులో మాలాంటి కంపెనీలు అని చెప్పి పద్నాలుగు పేర్లు, వాటి సీఈఓలకి ఎంతెంత ఇస్తున్నారో ఒక టేబుల్ ఉండేవి. దీన్ని పీర్ గ్రూప్ అంటారు. ఆ పద్నాలుగు మందిని వరసలో పెడితే మా సీఈఓ మధ్యలో కంటే కాస్త పైన ఉండాలన్నది పాలసీ. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మిగతా పద్నాలుగు బోర్డులూ సరిగ్గా ఇలాగే అనుకుంటాయి కదా. అందరూ మధ్య కంటే పైనే ఉండాలంటే ఎలా కుదురుతుంది? కుదరదు కాబట్టి ఆ మధ్యే ఏటికేడాది పైకి జరుగుతుంది, ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా సరే. ఒక ఏడాది ఆ టేబుల్లోంచి రెండు కంపెనీలు తీసేసి వేరే రెండు పెట్టమన్నారు, ఆ వ్యాపారాలకీ మనకీ పోలిక లేదట. తీసేసిన రెండూ జాబితాలో సీఈఓకి అందరికంటే తక్కువ ఇచ్చేవి. మార్చింది నేనే, ఆ సంగతి ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అదే వారం ప్యాకింగ్ సెక్షన్ నుంచి ఒకావిడ పేస్లిప్ పట్టుకుని వచ్చారు. నాలుగు మడతలు పెట్టి, చెమటకి అంచులు మెత్తబడిపోయిన కాగితం. మూడు రోజులు ఓటీ (ఓవర్‌టైమ్) చేస్తే రెండు రోజులకే లెక్క కట్టారు, ఆ మూడో రోజు ఏమైంది సార్ అని అడిగారు. చూస్తే ఆ రోజు గేటు దగ్గర మెషీన్‌లో పంచ్ పడలేదు. సూపర్‌వైజర్ సంతకం, సెక్షన్ మేనేజర్ సంతకం, ప్లాంట్ హెడ్ సంతకం తెస్తే వచ్చే నెల కలుపుతామని చెప్పాల్సి వచ్చింది. "నేను పనిచేశానని అందరికీ తెలుసు కదా సార్, మళ్లీ ఇన్ని సంతకాలెందుకు" అన్నారు, నేనేం చెప్పలేకపోయాను. ఆవిడ రాగానే నేను స్క్రీన్ మీద కిందికి దించేసిన ఫైలులో ఏముందంటే, ఆ ఏడాది సీఈఓ లాభాల టార్గెట్ అందుకోలేదు, అయినా మార్కెట్ పరిస్థితులు ఆయన చేతిలో లేనివి కాబట్టి బోనస్ పూర్తిగా ఇవ్వాలని సిఫారసు. పాడైపోయిన పంచింగ్ మెషీన్ మాత్రం ఆవిడ చేతిలో ఉందా?

కింది జీతాల ఫైలులో పీర్ గ్రూప్ ఉండదు. అక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే, ఈ పనికి బయట ఎంత తక్కువకి మనిషి దొరుకుతాడు అని.

ఇది ఎప్పుడూ ఇంతే అనుకోకండి. అమెరికాలో ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధనా సంస్థ లెక్క ప్రకారం పెద్ద కంపెనీల సీఈఓలకి 1965లో మామూలు కార్మికుడి కంటే సుమారు 21 రెట్లు వచ్చేది, 2022లో అది 344 రెట్లు. మనిషి తెలివి ఆ యాభై అరవై ఏళ్లలో పదహారు రెట్లు పెరగలేదు కదా, పెరిగింది షేర్ల రూపంలో ఇచ్చేది. దానికి ఒక చట్టం కూడా తోడైంది. సీఈఓ జీతంలో పది లక్షల డాలర్లు దాటినదాన్ని పన్ను లెక్కలో ఖర్చుగా చూపకూడదని అక్కడ 1993లో నిబంధన పెట్టారు, కానీ పనితీరుతో ముడిపెట్టిన చెల్లింపులకి మినహాయింపు ఇచ్చారు. కంపెనీలు ఇంకేం చేస్తాయి, స్టాక్ ఆప్షన్ల వైపు, అంటే ముందే ఖాయం చేసిన ధరకి తర్వాత కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు ఇవ్వడం వైపు, మళ్లాయి. ఆ మినహాయింపు పోవడానికి 2017 దాకా పట్టింది. జీతం తగ్గించాలని పెట్టిన నిబంధనే దాన్ని ఇంకా పెంచే దారి చూపించింది.

ఇప్పుడు ఆ నిష్పత్తిని బయటపెట్టాలని చాలా చోట్ల చట్టాలున్నాయి. మన దగ్గర 2013 కంపెనీల చట్టం ప్రకారం లిస్టెడ్ కంపెనీలు, అంటే షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్నవి, ఒక్కో డైరెక్టర్ జీతం, ఉద్యోగుల మీడియన్ జీతానికి ఎన్ని రెట్లో చెప్పాలి. అమెరికాలో 2018 నుంచి కంపెనీలు ప్రకటిస్తున్నాయి, బ్రిటన్‌లో కూడా పెద్ద లిస్టెడ్ కంపెనీలకి ఇలాంటి నియమం ఉంది. మంచిదే, నేను వద్దనను. కానీ ఆ అంకె తయారుచేసిన వాడిగా ఒక మాట. మీడియన్ అంటే ఉద్యోగులందరినీ జీతం ప్రకారం వరసలో నిలబెడితే సరిగ్గా నడిమధ్య ఉన్న మనిషి జీతం. ఆ వరసలో ఎవరు నిలబడతారన్నదే అసలు సంగతి. మా దగ్గర లోడింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్, క్లీనింగ్ అన్నీ కాంట్రాక్టర్ కింద ఉండేవి, వాళ్లు మా పేరోల్‌లో లేరు కాబట్టి లెక్కలోనే లేరు. ఒక ఏడాది ఇంకో సెక్షన్‌ని కూడా కాంట్రాక్టుకి ఇచ్చేశారు. ఒక్కరి జీతం కూడా పెరగకుండానే మా మీడియన్ పెరిగింది, నిష్పత్తి తగ్గింది. రిపోర్టులో ఆ అంకె చూసి మెచ్చుకున్నవాళ్లు కూడా ఉన్నారు!

సీఈఓ జీతం మొత్తం పంచినా తలా ఎంత వస్తుంది అని చాలామంది అంటారు. నిజమే, వేలమంది ఉన్న కంపెనీలో ఒక్కొక్కరికి పెద్దగా రాదు. కానీ జీతం షేరు ధరతో ముడిపడిన మనిషికి వందమందిని తీసేస్తే షేరు పెరుగుతుందంటే ఆ నిర్ణయం తేలికైపోతుంది. నా దృష్టిలో అసలు నష్టం అది, పంపకాల లెక్క కాదు.

ఇంకోలా నడపొచ్చనడానికి ఉదాహరణలు లేకపోలేదు. స్పెయిన్‌లోని మోండ్రాగన్ సహకార సంఘాలు 1956 నుంచి నడుస్తున్నాయి, వాటిలో వేలాదిమంది పనిచేస్తున్నారు. పై జీతం, కింది జీతం మధ్య తేడా మామూలుగా ఆరు రెట్ల దగ్గరే ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఓటేసి నిర్ణయించేది అక్కడ పనిచేసేవాళ్లే. అమ్మకాలు పడిపోయినప్పుడు 2014లో జపాన్ వీడియో గేమ్‌ల కంపెనీ నింటెండో అధ్యక్షుడు సతోరు ఇవాటా కొన్ని నెలలు తన జీతం సగానికి తగ్గించుకున్నారు. ఇది ఆయన మంచితనం, మంచితనాన్ని నమ్ముకుని పద్ధతులు నడవవు. ఇక చట్టంతో గీత గీద్దామని స్విట్జర్లాండ్‌లో 2013లో ఓటింగ్ పెట్టారు, పన్నెండు రెట్లు దాటకూడదని. సుమారు 65 శాతం మంది వద్దన్నారు.

అందుకే నేను ఫలానా అంకె దగ్గర ఆపాలని పట్టుబట్టను. రెమ్యునరేషన్ కమిటీలో కార్మికులు ఎన్నుకున్న మనిషి ఒకరైనా ఉండాలి, కాంట్రాక్టు వాళ్లని కూడా నిష్పత్తి లెక్కలో కలపాలి అంటాను. ఆ రోజు ఆ బోనస్ నోట్ చదివినప్పుడు ప్యాకింగ్ సెక్షన్ మనిషి ఒకరు ఆ గదిలో ఉండి ఉంటే, దాన్ని అంత సులువుగా పాస్ చేసేవారు కాదని నా నమ్మకం.

మీరు పనిచేసేది లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదికలో డైరెక్టర్ల నివేదిక అనుబంధాలు చూడండి, నిష్పత్తి అక్కడ దొరుకుతుంది. దాని పక్కనే మీడియన్ ఎంత శాతం పెరిగింది, డైరెక్టర్లకి ఎంత శాతం పెరిగింది అన్నవి కూడా ఉంటాయి. అవి చదివాక మీ గేటు లోపలికి రోజూ ఎంతమంది వస్తున్నారో, రిపోర్టులో ఉద్యోగులు ఎంతమంది అని రాశారో పక్కపక్కన పెట్టుకుని చూడండి.