అరిసెల పాకం దగ్గర ఒక్కరే ఉండాలి

అమ్మడూ,

ఈసారి సెలవు దొరక్క సంక్రాంతికి హైదరాబాదులోనే ఉండిపోతున్నామని, స్నేహితులు ఆరుగురిని పిలిచి అరిసెలు వండుకుంటామని రాశావు. వండుకోండి, కానీ పండగనాడు మాత్రం వద్దు. అరిసెలు పదిహేను రోజులు నిలవుంటాయి కాబట్టి భోగికి ముందొచ్చే ఆదివారం పెట్టుకోండి.

మొదటిసారి కిలో బియ్యం దాటకు. నలభై దాకా వస్తాయి. దొడ్డు పచ్చిబియ్యం, అదీ పాతవైతే మంచిది. ఉప్పుడు బియ్యం పనికిరావు. శనివారం పొద్దున్నే నానబోసి రాత్రి ఓసారి నీళ్ళు మార్చు. మార్చకపోతే పులిసిన కంపు కొడుతుంది, ఎంత నెయ్యి పోసినా పోదు. ఆదివారం పొద్దున చిల్లుల గిన్నెలో వంపి పావుగంట ఉంచు, అంతే. గుడ్డ మీద ఆరబోసి ఫ్యాను వేశావంటే పని చెడినట్టే.

మిక్సీలో రెండేసి గుప్పెళ్ళే వెయ్యి. జారు నింపితే వేడెక్కి పిండిలో చెమ్మ ఆవిరైపోతుంది. జల్లించిన పిండిని ఎప్పటికప్పుడు గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పాలి. పిడికిట్లో పట్టి వదిలితే ముద్ద ముద్దలాగే నిలవాలి. పొడిబారిన పిండి పాకాన్నంతా పీల్చేసుకుని అరిసెను బిరుసు చేస్తుంది. ఒకరు మిక్సీ, ఒకరు జల్లెడ, కబుర్లు ఎన్నైనా ఇక్కడే చెప్పుకోండి.

పాకం దగ్గర మాత్రం ఒక్కరే, అది నువ్వే. ముప్పావు కిలో బెల్లం చాలు. మరీ తెల్లగా మెరిసే బెల్లం కాకుండా ముదురు రంగుది తీసుకో. గ్లాసు నీళ్ళలో కరిగించి వడకట్టు, అడుగున ఇసుక ఉంటుంది. మందపాటి గిన్నెలో మరగనిచ్చి, నురుగు పెద్ద బుడగలుగా లేస్తున్నప్పటి నుంచి ప్రతి నిమిషానికీ చూడు. పళ్ళెంలో చన్నీళ్ళు పోసి చుక్క వదులు. నీళ్ళలో కరిగిపోతే ఇంకా లేత. వేళ్ళతో దగ్గరికి లాగితే మెత్తటి ఉండయి, బయటికి తీశాక మెల్లగా అణిగితే అదీ అరిసెల పాకం. ఆ ఉండని పళ్ళానికి కొట్టినప్పుడు టంగుమంటే ముదిరిపోయింది. ఈ రెంటికీ మధ్య రెండు నిమిషాలు కూడా ఉండదు, అందుకే ఆ పూట ఫోను పక్క గదిలో పెట్టు.

స్టవ్ ఆపేసి రెండు చెంచాల నెయ్యి, గుప్పెడు నువ్వులు, యాలకుల పొడి వేసి, పిండి కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. ఇది అల్లుడుగారి పని, చేతిలో బలం ఉండాలి. గిన్నె తిరిగిపోకుండా ఇంకొకరు గుడ్డతో పట్టుకోవాలి. కప్పు పిండి పక్కన దాచుకో. చలిమిడి గరిటె నుంచి బరువుగా జారుతుంటే ఇక ఆపెయ్, ఆరేకొద్దీ అదే గట్టిపడుతుంది.

ముందు చిన్న ఉండ తీసుకుని బిళ్ళలా తట్టి, కాగిన నూనెలో ఒక్కటే వేసి చూడు. నూనెలో విచ్చిపోయిందంటే పాకం లేత, దాచిన పిండి కలుపు. రాయిలా వస్తే ముదురు. వెచ్చటి పాలు చిలకరించి మర్దించు, పూర్తిగా బాగుపడదు గానీ తినబుద్ధవుతుంది. సరిగ్గా వచ్చిందంటే మంట మధ్యస్థంగా పెట్టి రెండేసి వెయ్యి. పైకి తేలాక తిరగేసి, ఎర్రబడగానే తీసి అరిసెల చెక్కల మధ్య నొక్కెయ్యాలి. చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెలైనా సరే. వేయించే మనిషి, నొక్కే మనిషి వేరువేరుగా ఉండాలి. అరిసె చల్లారితే నూనె దిగదు.

ఆ రోజు అరిసెలతోనే కడుపు నిండదు. పది గంటల్లోపే పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసి మూత పెట్టు. పాకం గిన్నెను తోమడానికి కుస్తీ పట్టకుండా నిండా నీళ్ళు పోసి ఐదు నిమిషాలు మరిగిస్తే అదే వదిలిపోతుంది. తోమే వంతు ముందే తేల్చుకోండి. సాయంత్రానికి అందరూ అలిసిపోయాక అడిగితే ఎవరూ లేవరు, చివరికి ఆ పని నీ నెత్తిన పడుతుంది.

కనుమనాడు గారెలకి మినప్పప్పు నాలుగు గంటలు నానితే చాలు. నీళ్ళు చిలకరిస్తూ రుబ్బు, పోయకు. చిటికెడు పిండి నీళ్ళలో వేస్తే తేలాలి. ఉప్పు వేసేది నూనె కాగాకే, ముందే వేస్తే పిండి జారి గారె నూనె తాగుతుంది.

మాకు పంపే అరిసెలు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టు. వెచ్చగా ఉండగా మూత పెడితే చెమర్చి బూజు పడతాయి.

ఇట్లు,
పిన్ని