ఒక్క సుత్తి దెబ్బ, రెండు చప్పుళ్లు

"గాలిలో కన్నా ఇనుములో శబ్దం చాలా వేగంగా వెళ్తుందంటారు కదా, ఆ తేడా మామూలు మనిషి చెవికి తెలుస్తుందా?" అని అడిగారు. తెలుస్తుంది. పదకొండేళ్ల వయసులో నా చెవులతో నేనే విన్నాను.

మా నాన్న రైల్వేలో కీమ్యాన్. గుడివాడ–మచిలీపట్నం లైనులో ఆయన బీటు. పొద్దున్నే భుజాన సుత్తి, చేతిలో స్పానర్, సంచిలో ఎర్రజెండాలతో బయల్దేరి, పట్టాని కదలకుండా పట్టి ఉంచే 'కీ'లు వదులైతే బిగిస్తూ, రెండు పట్టాలని కలిపే ఫిష్‌ప్లేట్ల బోల్టులు చూసుకుంటూ పట్టాల వెంట నడిచేవారు. సెలవులొస్తే నేనూ వెంటపడేవాణ్ణి. ఆ లైను గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, మనిషి చాలా దూరం పోయినా కనిపిస్తూనే ఉంటాడు.

సంక్రాంతి సెలవులు. కోతలైపోయి చేలల్లో మినుము మొలిచింది. పొద్దుటి బండి వెళ్లిపోయింది, మరో బండి రావడానికి రెండు గంటలుంది. నాన్న నన్ను ఒకచోట కూర్చోబెట్టి, "నేను అక్కడికెళ్లి కొడతా. పట్టాకి చెవి ఆనించి ఎన్నిసార్లు వినిపించిందో చెప్పు" అని, అతుకులు లెక్కపెట్టుకుంటూ వెళ్లారు. ఒక్కో పట్టా 13 మీటర్లు. సరిగ్గా 25 పట్టాలు దాటి ఆగారు, అంటే 325 మీటర్లు.

పట్టా మంచుకి తడిసి ఉంది. చెవి పెడితే చల్లదనానికి దవడ దాకా జివ్వుమంది. నాన్న సుత్తి ఎత్తారు. అది దిగడం కళ్లతో చూశాను, చూస్తుండగానే చెవిలో సన్నగా 'టిక్' మంది. సుత్తి మళ్లీ భుజం మీదికి వెళ్తోంది, అప్పుడు గాలిలో 'ఠంగ్' మని వచ్చింది. పరిగెత్తుకుంటూ వెళ్లి "రెండుసార్లు కొట్టావా నాన్నా?" అని అడిగాను. "ఒక్కటే కొట్టా" అన్నారు. నమ్మకపోతే నన్ను నా చోటికి పంపి మళ్లీ కొట్టారు. ఈసారి చెవి ఎత్తి విన్నాను. 'ఠంగ్' ఒక్కటే.

లెక్క తర్వాత తెలిసింది. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే ఆ దూరానికి దాదాపు ఒక సెకను. ఉక్కు పట్టాలో సుమారు 5,000 మీటర్లు, సెకనులో పదిహేనో వంతు చాలు. ఇక వెలుగు సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు, ఆ 325 మీటర్లకి సెకనులో పది లక్షలో వంతు సరిపోతుంది. అందుకే సుత్తి దిగడమూ 'టిక్' మనడమూ నాకు ఒకేసారి అనిపించాయి. 1808లో పారిస్‌లో బియో అనే శాస్త్రవేత్త 951 మీటర్ల ఇనుప నీటి గొట్టం మీద ఇదే పని చేసి రెండు చప్పుళ్లు విన్నాడు, మధ్యలో రెండున్నర సెకన్ల తేడా.

ఇప్పుడు నాకు మండే విషయం చెప్తాను. మా అబ్బాయి పరీక్షలో "ఇనుము గట్టిది, నొక్కితే వెంటనే వెనక్కి తన్నుతుంది, అందుకే శబ్దం వేగంగా పోతుంది" అని రాస్తే మార్కు కోశారు. "సాంద్రత ఎక్కువ కాబట్టి" అని రాయాలట, గైడులో అలాగే ఉందట. అది తప్పు. సీసం ఇనుము కన్నా బరువు. అయినా సీసంలో శబ్దం వేగం ఉక్కులో ఉన్నదాంట్లో సగం కూడా ఉండదు, ఎందుకంటే సీసం మెత్తన. బరువు నిజానికి శబ్దాన్ని నెమ్మది చేస్తుంది, గట్టితనమే దాన్ని తోస్తుంది. ఇలా వెనక్కి తన్నే గుణానికి స్థితిస్థాపకత అని పెద్ద మాట నేర్పిస్తారు గానీ దాన్ని ఇక్కడ వాడరు. వెలుగుది మరో దారి: శూన్యంలో 3 లక్షల కిలోమీటర్లు పోయేది నీటిలో 2.25 లక్షలకి, గాజులో సుమారు 2 లక్షలకి తగ్గుతుంది. శబ్దం గాలిలోంచి నీటిలోకి పోతే నాలుగింతలు పైనే పెరిగి సెకనుకి 1,480 మీటర్లు అవుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెప్తే ఏ పిల్లవాడూ మర్చిపోడు. సినిమాల్లో మెరుపూ ఉరుమూ ఒకేసారి వేస్తారు, అది చూసి పెరిగిన పిల్లలకి బడిలో గైడు.

మీరు మాత్రం రైలు పట్టా మీద చెవి పెట్టకండి, పిల్లలతో పెట్టించకండి. ఆ రోజు బండ్ల టైములన్నీ తెలిసిన మనిషి పక్కన ఉన్నాడు. ఎక్కడైనా యాభై అరవై మీటర్లు ఒకటే పొడవున వెల్డింగ్ చేసిన ఇనుప రెయిలింగ్ ఉంటే చాలు. ఒక చివర ఒకరు రాయితో కొట్టాలి, రెండో చివర చెవి ఆనించాలి. మధ్య తేడా సెకనులో ఏడో వంతే ఉంటుంది, చుట్టూ చప్పుడు లేని వేళ చూసుకోండి. మా వాడికి మొదటి రెండుసార్లు తెలియలేదు. మూడోసారి నా వైపు చూసి రెండు వేళ్లు ఎత్తాడు.