రాత్రి కాపలాకు ఏ పరికరం?

ప్రశ్న: ఫిరంగిపురం దగ్గర కొండ దిగువన ఉన్న మా మొక్కజొన్న చేలో రాత్రిళ్లు అడవిపందులు పడుతున్నాయి. వేటకు వాడే నైట్ విజన్, థర్మల్ పరికరాలలో తక్కువ ధరకు ఏది కొనవచ్చునో తెలుపగలరు.
– ఒక రైతు, గుంటూరు

జవాబు: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేని వేట నేరం కాబట్టి, పందులను కనిపెట్టి తరిమేందుకు పనికొచ్చే పరికరం గురించే చెబుతాము. డిజిటల్ నైట్ విజన్ చవకే గాని, చీకట్లో మన కంటికి దాదాపు కనిపించని వెలుగునిచ్చే తన ఇన్‌ఫ్రారెడ్ దీపం మీదే ఆధారపడుతుంది కనుక, ఏపుగా ఎదిగిన చేలో ఆ వెలుగు ముందువరుస ఆకులకే తగిలి వెనక్కి వచ్చి తెరంతా తెల్లబడుతుంది. 850 నానోమీటర్ల (వెలుగు తరంగదైర్ఘ్యం) దీపమైతే సన్నగా ఎర్రగా కనిపిస్తుంది. 940 నానోమీటర్లది కనిపించదు, అంత దూరమూ పోదు.

థర్మల్ పరికరం ఆకుల సందుల్లో బయటపడిన కాస్త ఒంటివేడినైనా పట్టిస్తుంది. చేతిలో పట్టే 256×192 పిక్సెళ్ల సెన్సారున్న మోనోక్యులర్ (ఒక కంటితో చూసే దుర్బిణి) మామూలు చేనుకు చాలునని మా అభిప్రాయం. ప్రకటనల్లో ఘనంగా వేసే దూరం అక్కడేదో ఉందని తెలిసే దూరం మాత్రమే. అది పందో, పొరుగు రైతు కుక్కో తేలాలంటే చాలా దగ్గరికి రావాలి. వేసవిలో మన నేలా బండరాళ్లూ పొద్దుగూకాక కూడా వేడిగానే ఉంటాయి కనుక, తెల్లవారుజామునే బొమ్మ తేటగా వస్తుంది. కొనేటప్పుడు దుకాణం అద్దంలోంచి వీధిలోకి చూసి పరీక్షించకండి. థర్మల్ చూపు గాజును దాటదు.