రిపోర్టుల నార్మల్, చెరువుల చేపల్లేవు: నీళ్ల మీద మీ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే సార్. మాది పరకాల దిక్కు ఊరు. చెరువుకు ఎగువన బాయిల్డ్ రైస్ మిల్లు ఉంది. వడ్లు నానబెట్టిన నీళ్లు మోరిల ఇడుస్తరు, ఆ మోరి వాగుల కలుస్తది, వాగు మా చెరువులకొస్తది. పోయిన ఎండకాలం తెల్లారేసరికి చేపలన్నీ సచ్చి పైకి తేలినయ్. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే ఆఖరికి ఒకరోజు మధ్యాహ్నం పూట ఆఫీసర్లు ఒచ్చి మత్తడి కాడ బాటిల్ల నీళ్లు పట్టుకపోయిన్రు. రిపోర్టుల ఆక్సిజన్ 7, అంతా నార్మల్ అని ఉంది. మేం అబద్ధం చెప్తున్నమా, వాళ్లు చెప్తున్నరా?
– మత్స్య సహకార సంఘం సభ్యుడు

జవాబు: ఎవరూ అబద్ధం చెప్పకుండనే ఇట్ల కావొచ్చు తమ్ముడూ. వడ్లు నానబెట్టిన నీళ్లు విషమేం కాదు గానీ అందులో పిండి, చక్కెరల్లాంటివి కరిగి ఉంటయి, వాటిని తినడానికి బాక్టీరియా ఎగబడి నీళ్లలో ఉన్న ఆక్సిజన్ అంతా వాడేస్తది. చెరువు పచ్చగా ఉంటే ఇంకో తిరకాసు, ఆ నాచు పగలంతా ఎండకు ఆక్సిజన్ వదుల్తది, రాత్రయితే అదే నాచు తిరిగి పీల్చుకుంటది, అందుకే తెల్లారుజామున 4, 5 గంటలకు ఆక్సిజన్ బాగా పడిపోతది, మధ్యాహ్నం 3కి చూస్తే మళ్ల 7, 8 కనబడ్తది. కేంద్ర పొల్యూషన్ బోర్డు లెక్క ప్రకారం చేపల పెంపకానికి లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలి. మీ రిపోర్టు తీసి శాంపిల్ ఏ టైముకు తీసిన్రో రాసి ఉందా చూడు. టైమ్, జాగ రాయని అంకెను నేనైతే పట్టించుకోను.

ఆక్సిజన్ టెస్టు సగం చెరువు గట్టు మీదనే అయిపోవాలి, ఇది చాలామందికి తెల్వదు. 300 మిల్లీలీటర్ల గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, అక్కడికక్కడే మాంగనీస్ సల్ఫేటు, ఆల్కలీ అయోడైడు చుక్కలు వేసి బిరడా పెట్టి తిప్పుతరు. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు ముద్ద కడ్తది, లేకుంటే తెల్లగనే ఉంటది. మీ చెరువు కాడ పొద్దుగాల అట్ల తెల్లముద్ద కనబడితే మిగతా అంకెల కోసం ఆగే పని లేదు. ఉత్త బాటిల్ల పట్టుకపోయి సాయంత్రం ల్యాబుల మీటర్ పెడితే మాత్రం ఆ అంకెకు అర్థం లేదు. బీఓడీ, అంటే నీళ్లలోని మురికిని తినడానికి బాక్టీరియా ఎంత ఆక్సిజన్ వాడుతదో చెప్పే లెక్క, అది కూడా అంతే, మన దగ్గర 27 డిగ్రీల కాడ 3 రోజులు పెట్టి చేస్తరు గానీ శాంపిల్‌ను ఐసు పెట్టెల పెట్టి, నీళ్లు పట్టిన 24 గంటల్లోపే టెస్టు మొదలుపెట్టాలి. మీరు కూల్‌డ్రింక్ సీసాల పట్టి బండి డిక్కీల రెండ్రోజులు తిప్పితే బాక్టీరియా లోపలే సగం తినేస్తది, అప్పుడు మిల్లు నీళ్లు కూడా మంచిగ కనబడ్తయ్.

ఇంకో మాట, మత్తడి కాడ ఎందుకు తీసిన్రు? మత్తడి చెరువు కొస, ఊరి నీళ్లన్నీ కలిసి పల్చబడేది అక్కడనే. తీయాల్సింది మిల్లు నుంచి మోరిలకు నీళ్లు పడే కాడ, ఆ తర్వాత మోరి వాగుల కలిసే చోట పైన ఒకటి కింద ఒకటి. అది కూడా మిల్లు నడిచే సీజన్ల, తొట్లు ఖాళీ చేసే పూట. మిల్లు బంద్ ఉన్న నెలల తీస్తే ఏం దొరుకుతది?

ఇగ పర్మిట్ సంగతి. 1974 నీటి చట్టం సెక్షన్ 25 కింద మిల్లుకు రాష్ట్ర పొల్యూషన్ బోర్డు ఇచ్చే కాగితాన్ని ఆఫీసుల సీఎఫ్‌ఓ అంటరు, అంటే నడిపేందుకు అనుమతి. రోజుకు ఎన్ని కిలోలీటర్ల మురికినీళ్లు, శుద్ధి చేసినంక ఎక్కడికి ఇడవాలి, హద్దులెంత, అన్నీ షరతుల కింద అందులోనే ఉంటయి. ముందు అది చేతికి రావాలి, ఇది లేకుండ లొల్లి పెట్టి లాభం లేదు. వరంగల్ రీజినల్ ఆఫీసుకు ఆర్టీఐ పెట్టు, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇయ్యాలి. సీఎఫ్‌ఓ కాపీ, షరతులు, ఇంతకుముందు తీసిన శాంపిళ్ల రిపోర్టులు, మూడూ అడుగు. ఎందుకంటే జనరల్ స్టాండర్డ్స్‌లో, అంటే మురికినీళ్లకు సర్కారు పెట్టిన మామూలు హద్దుల్లో, వాగుల ఇడిస్తే బీఓడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటొద్దు, సాగుకు నేల మీద పారిస్తే 100 దాక ఒప్పుకుంటరు. తోటకు పారిస్తమని రాయించుకుని మోరిల ఇడుస్తుంటే, అంకె ఎంతొచ్చినా షరతు తప్పినట్టే, దానికి ల్యాబు కూడా అక్కర్లేదు, పైపు ఎటు పోతుందో ఫొటో చాలు.

మీరు తీసిన శాంపిల్ ఫిర్యాదుకు పనికొస్తది గానీ కోర్టుల సాక్ష్యంగా నిలబడదు. చట్టం సెక్షన్ 21 చెప్పేది ఏందంటే బోర్డు ఆఫీసరే నోటీసు ఇచ్చి, మిల్లు మనిషి ముందట తీసి, వాళ్లు అడిగితే రెండు భాగాలు చేసి, సీలేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. కాబట్టి రాతపూర్వకంగా ఇట్లనే అడుగు: "సెక్షన్ 21 ప్రకారం, మిల్లు నడిచే రోజు, మోరి మొదట్ల శాంపిల్ తీయాలి, చెరువుల ఆక్సిజన్ తెల్లారకముందు చూడాలి." అట్లయినా కదలకపోతే చెన్నైలో గ్రీన్ ట్రిబ్యునల్ (పర్యావరణ కేసులు వినే కోర్టు) బెంచ్ ఉంది, అక్కడ మామూలుగా 6 నెలల గడువు లెక్క పెడ్తరు, అందుకే చేపలు సచ్చిన తారీకు ఎక్కడన్నా రాసిపెట్టుకో.

ప్రశ్న: మాది హనుమకొండ అపార్ట్‌మెంట్. ఆన్‌లైన్ల టీడీఎస్ మీటర్ కొన్నం. బోరు నీళ్లు 900 చూపిస్తుంది, వాటర్ ప్లాంట్ క్యాను 40. క్యాను నీళ్లే మంచియి కదా?
– ఒక గృహిణి

జవాబు: ఆ పెన్ను లాంటి మీటర్ నీళ్లలో కరెంటు ఎంత సులువుగ పోతుందో చూసి టీడీఎస్‌గా, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తంగా, మార్చి చూపిస్తదమ్మా, అంతే. సంచి బరువు చూసి లోపల బియ్యమో ఉప్పో చెప్పలేం కదా. బీఐఎస్ (దేశంల ప్రమాణాలు పెట్టే సంస్థ) తాగునీటి ప్రమాణంలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది, వేరే నీళ్లు దొరకకపోతే 2000 వరకు ఒప్పుకుంటరు. 900 అంటే భయపడాల్సిన పని లేదు, కానీ అందులో ఫ్లోరైడ్ 1.5 దాటిందా, నైట్రేట్ 45 దాటిందా అన్నది మీటర్‌కు తెల్వదు. బోర్లలో చూడాల్సింది ముందు అవే. ఇక 40 ఉన్న క్యాన్ల బాక్టీరియా ఉంటే దాన్నీ మీటర్ పట్టలేదు, ఆ క్యాను ఎప్పుడు కడిగిన్రో నాకైతే అనుమానమే. ల్యాబుల ఒక్కసారి ఫ్లోరైడ్, నైట్రేట్, కోలిఫాం (నీళ్లలో మురుగు కలిసిందేమో చెప్పే బాక్టీరియా) మూడు టెస్టులు చేయించుకోండి, ఎండకాలం ఒకసారి, వానలు పడ్డంక ఒకసారి.

ప్రశ్న: పెద్ద ఫ్యాక్టరీలకు ఆన్‌లైన్ మీటర్లు పెట్టిన్రు కదా, ఇంకా మనం చూసేదేముంది?
– డిగ్రీ విద్యార్థి, మంచిర్యాల

జవాబు: 2014ల కేంద్ర బోర్డు 17 రకాల ఎక్కువ కాలుష్యం చేసే పరిశ్రమలకు కాలుష్యం అంకెలను నేరుగ బోర్డుకు పంపే ఆ మీటర్లను తప్పనిసరి చేసింది. కాగితం, ఎరువులు, సిమెంటు, థర్మల్ పవర్ అందులో ఉన్నయి, పై ఉత్తరంల చెప్పిన బాయిల్డ్ మిల్లులు లేవు. మీటర్ ఉన్న చోట కూడా ప్రోబ్ (నీళ్లల్ల ముంచే కొస) మీద పాచి పట్టినా, క్యాలిబ్రేషన్ (మీటర్ సరిగ చూపిస్తుందా అని సరిచూసుడు) చేయకున్నా అంకె తప్పే వస్తది. పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం చెప్పే అంకె) 24 గంటలూ 7.2 దగ్గర గీత గీసినట్టు కదలకుండ ఉంటే ఆ ప్రోబ్ అసలు నీళ్లల్ల ఉందా లేక బకెట్ల ఉందా అని ఆర్టీఐల క్యాలిబ్రేషన్ రికార్డు అడుగు.