ఆ 40, ఆ 20 ఎక్కడివో ముందు చూడు

చిన్నా,

నువ్వు కట్టిన డిజిటల్ గడియారం వీడియో మూడుసార్లు చూశాను. నిమిషాలు 59 దాటాక ఒక్కోసారి 00కి రావడం, ఒక్కోసారి 40కో 20కో దూకడం చూసి ఐసీ (చిప్) పోయిందని కొత్తది కొనడానికి కోఠి గుజరాతీ గల్లీకి బయల్దేరుతున్నావట. ఆగు. ఐసీ పోయుంటే ఇంత లెక్కగా ఆ రెండే రావు.

6 అంటే బైనరీలో 0110 కదా. నిమిషాల్లో పదుల అంకెని లెక్కపెట్టే కౌంటర్ 6కి రాగానే, 4 బిట్, 2 బిట్ రెండూ 1 అయ్యాయని చూసి నీ నాండ్ గేట్ క్లియర్ (సున్నా చేసే సిగ్నల్) ఇస్తోంది, కానీ ఆ బిట్‌లని పట్టి ఉంచే రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లలో ఒకటి ముందుగా సున్నా అయిందంటే నాండ్ వెంటనే క్లియర్‌ని వదిలేస్తుంది, రెండోది అలాగే ఉండిపోతుంది. 4 మిగిలితే 40, 2 మిగిలితే 20. ఇదంతా నానోసెకన్లలో జరిగేది, ఎల్‌ఈడీ పెడితే కనపడదు. ల్యాబ్‌లో స్కోప్ (ఆసిలోస్కోప్) అడిగి క్లియర్ పిన్ మీద సింగిల్ ట్రిగ్గర్ (ఒక్కసారి పట్టి ఆపేది) పెట్టు, సూదిలాంటి పల్స్ దొరుకుతుంది. బాలానగర్‌లో పనిచేసేటప్పుడు ఇలాంటి బోర్డు మీదే నేను రెండు రోజులు ఐసీలు మార్చాను, ఆ సూదిని చూశాకే విషయం అర్థమైంది.

క్లియర్ లైన్ మీద చిన్న కెపాసిటర్ పెట్టమని ఎవరైనా చెప్తారు, వద్దు, ఇవాళ తగ్గినట్టుంటుంది, రేపు మళ్లీ వస్తుంది. ఇప్పుడున్న కౌంటర్ ఐసీ 74హెచ్‌సి161 తీసి 74హెచ్‌సి163 పెట్టు. పిన్‌లు అవే, క్లియర్ మాత్రం క్లాక్ వచ్చినప్పుడే పనిచేస్తుంది, అందుకని 6 బదులు 5ని పట్టుకోవాలి: 5 అంటే 0101, కాబట్టి నాండ్‌కి వెళ్లే వైర్లలో 13వ పిన్ (2 బిట్) నుంచి వచ్చేదాన్ని 14వ పిన్ (1 బిట్)కి మార్చు. ఒకట్ల కౌంటర్ నుంచి పదులకి క్లాక్ ఇస్తున్నావు కాబట్టి ఇది చాలు. అన్నిటికీ ఒకే క్లాక్ ఇచ్చి ఎనేబుల్‌తో (ఇప్పుడు లెక్కపెట్టు అనే సిగ్నల్) నడిపితే మాత్రం ఆ ఎనేబుల్‌ని కూడా నాండ్‌లో కలపాలి, లేకపోతే 50కి రాగానే తర్వాతి క్లాక్‌కే సున్నా అయిపోతుంది.

పవర్ ఆన్ చేయగానే పిచ్చి అంకెలు రావడం వేరే సమస్య. దానికి నువ్వు పెట్టిన 10కె రెసిస్టర్, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ సరే, సుమారు 100 మిల్లీసెకన్ల ఆలస్యం వస్తుంది, కానీ అంత నెమ్మదిగా పెరిగే వోల్టేజీని నేరుగా క్లియర్‌కి ఇవ్వకు, 74హెచ్‌సి14లో (ష్మిట్ ట్రిగ్గర్ ఇన్వర్టర్, నెమ్మది సిగ్నల్‌ని నిటారుగా మారుస్తుంది) రెండు గేట్లు దాటించి ఇవ్వు. 163లో క్లియర్ క్లాక్‌తోనే పనిచేస్తుంది కాబట్టి ఆ సమయంలో ప్రతి కౌంటర్‌కీ ఒక క్లాక్ అందాలి. రెసిస్టర్ మీద ఒక డయోడ్ కూడా వెయ్యి, కరెంటు పోయి వెంటనే వస్తే కెపాసిటర్ ఖాళీ కావాలి కదా. ప్రతి ఐసీ పక్కన సప్లైకి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉందా? చెయ్యి దగ్గరికి తెస్తే అంకెలు మారుతున్నాయంటే ఏదో ఇన్‌పుట్ దేనికీ కలపకుండా గాల్లో వేలాడుతోంది, కౌంటర్ ఐసీల 7, 9, 10 పిన్‌లు ముందు చూడు.

స్కోప్ దొరికితే ఆ పల్స్ ఫోటో పంపు, ఐసీ మార్చకముందే తియ్యి.

బాబాయ్